నడిమధ్యన కొట్టాలి

"ఇంకోపాలి కొట్టు," అంది వనజాక్షి.

మనోజ్‌కుమార్ పూల్ బల్ల మీదికి వంగి, తెల్లబంతిని ఎదుటి అంచుకేసి తిన్నగా కొట్టాడు. బంతి అంచుకి తగిలి వెనక్కి వచ్చింది. క్యూ కర్ర కొన దగ్గరికి మాత్రం రాలేదు. జానెడు పక్కనుంచి పోయింది.

"నడిమధ్యన తగల్లేదు బాబూ. తగిల్తే ఎల్లిన దారినే తిరిగొస్తాది. మళ్లీ కొట్టు."

పళ్లు నూరుతూ మళ్లీ కొట్టాడు. ఆ బంతి మీద అతనికి మార్టిన్ మొహం కనిపిస్తోంది.

కిందటేడు ఉక్కు ప్లాంటు సెక్టార్ క్లబ్బు ఫైనల్లో మార్టిన్ అతన్ని ఓడించాడు. ఓడించి ఊరుకున్నా బాగుండేది. క్యూ భుజాన వేసుకుని, "తెల్లబంతిని మధ్యలో కొట్టడం రాదు, నీకెందుకు భయ్యా ఫైనల్?" అన్నాడు. హాలంతా గొల్లుమంది. అందరూ నవ్వితే నవ్వారు, మనోజ్ మామగారు కూడా నవ్వారు. అన్నాళ్లూ మనోజ్ దగ్గరున్న టీమ్ కెప్టెన్సీ ఆ పూటే మార్టిన్‌కి పోయింది.

మార్టిన్‌ని ఓడించే రోజు దాకా మళ్లీ ఆ క్లబ్బు మెట్లెక్కనని మనోజ్ ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్టయితే పెట్టుకున్నాడు గానీ, సాధన ఎక్కడ చెయ్యాలి? సుపేలా బజారులో పూల్ పార్లర్‌కి వెళ్తే మార్టిన్ స్నేహితులు చూసి నవ్వుతారు. సరిగ్గా అప్పుడే క్యాంప్ 1 బస్తీ నుంచి వనజాక్షి అనే ఆవిడ కబురు పంపింది. మా ముందుగదిలో పాత బల్ల ఒకటి ఊరికే పడుంది, వచ్చి ఆడుకోమంది. ఆమెని అంతకుముందు అతను చూసి కూడా ఎరగడు.

"నాకెందుకు పిన్నీ ఇంత మేలు చేస్తున్నారు?" అని మొదటి రోజే అడిగాడు.

"నాకూ ఒకడి మీద పగుంది బాబూ. ఆ మంట ఎలాగుంటాదో నాకు తెల్సు."

ఎవరి మీద అని మనోజ్ అడగలేదు. తన పగ తప్ప ఇంకొకరి పగ వినే తీరిక అతనికి లేదు.

వనజాక్షి ఓపిగ్గా నేర్పింది. మోచెయ్యి ఎక్కడుండాలో, గడ్డం ఎంత కిందికి దించాలో చెప్పేది. తనకి తెలియనిదొస్తే, "మా ఆయన్ని అడిగొస్తానుండు. ఒకప్పుడు ఈ ఆట బాగా తెలిసినోరే. ఇప్పుడు మంచం దిగలేరు," అని తెర పక్కకి తీసి లోపలికి వెళ్లేది. వచ్చేటప్పుడు టీ గ్లాసుతో పాటు ఓ సలహా తెచ్చేది.

"పెద్దాయనకి నా నమస్కారం చెప్పండి," అనేవాడు మనోజ్.

షిఫ్ట్ దిగాడంటే ప్లాంటు గేటు నుంచి నేరుగా క్యాంప్ 1కే. స్నానం లేదు, భోజనం లేదు. "ఆ బంతికే తాళి కట్టుంటే పోయేది," అని భార్య రజనీకుమారి సణిగింది. అతను వినిపించుకోలేదు.

వానలు వెళ్లి చలి వచ్చింది. ఒక సాయంత్రం తెల్లబంతి అంచుకి తగిలి, వెళ్లిన దారినే వచ్చి, క్యూ కొనకి మెత్తగా తగిలింది. మనోజ్ ఊపిరి బిగబట్టి ఇంకోసారి కొట్టాడు. మళ్లీ అంతే. కళ్లు మూసుకుని కొట్టినా అంతే.

"వచ్చేసింది పిన్నీ! బీచోంబీచ్! నడిమధ్యన!" అని చిన్నపిల్లాడిలా గెంతాడు.

"నీ సెయ్యి ఇంక ఇలాగే ఉంచు. ఎవులేటి సెప్పినా మార్చకు," అంది వనజాక్షి.

ఆ రోజు నుంచి అద్దం ముందు నిలబడి, గెలిచాక మార్టిన్‌ని ఏమనాలో కూడా సాధన చేశాడు. మాట పదునుగా ఉండాలి. మామగారికి వినబడాలి.

ఆ రోజు రానే వచ్చింది. మళ్లీ అదే హాలు, మొదటి ఆటే మార్టిన్‌తో. మనోజ్ మొదటి బంతికి గురిచూసి కొట్టాడు. తెల్లబంతి వేలెడు పక్కకి జరిగింది. ఎర్రబంతి పాకెట్ అంచుకి కొట్టుకుని ఆగిపోయింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. సంవత్సరమంతా చేతికి ఎలా అలవాటైందో అలాగే కొట్టాడు, వెంట్రుకవాసి మార్చలేదు. ఒక్కటీ పడలేదు. ఆట సగంలోనే మామగారు లేచి వెళ్లిపోయారు.

ఈసారి మార్టిన్ ఎగతాళి చెయ్యలేదు. దగ్గరికొచ్చి, "తబియత్ బాగానే ఉందా భయ్యా? ఒంట్లో బాలేదా?" అని జాలిగా అడిగాడు. మనోజ్‌కి ఆ జాలి కంటే చెంపదెబ్బ నయమనిపించింది. సాధన చేసిన మాట అద్దానికే మిగిలింది.

తిన్నగా వనజాక్షి ఇంటికొచ్చి పడ్డాడు. వస్తూనే క్యూ తీసి తెల్లబంతిని కొట్టాడు. వెళ్లిన దారినే వచ్చి కొనకి తగిలింది. అతనికి ఏడుపు తన్నుకొచ్చింది.

"ఇక్కడ వస్తోంది కదా పిన్నీ! అక్కడెందుకు రాలేదు?"

"నీ సెయ్యి బెదిరింది బాబూ. మరేటీ కాదు. వచ్చే ఏడుంది కదా."

మనోజ్ కళ్లు తుడుచుకుని, వంగి ఆమె కాళ్లకి దండం పెట్టాడు. "వాణ్ణి వదల్ను పిన్నీ. రేపట్నుంచే వస్తాను."

"రా బాబూ. ఈ బల్ల నీదే అనుకో."

అతని బండి సందు మలుపు తిరిగాక, చెయ్యని దొంగతనం అంటగట్టి ఒకప్పుడు మనోజ్‌కుమార్ ఆ క్లబ్బు నుంచి గెంటించిన స్కోరు రాసే మార్కర్, వనజాక్షి మొగుడు రామమోహనరావు తెర తోసుకుని చకచకా నడిచొచ్చి, బల్ల ఓ పక్కకి వాలి ఉండేలా దాని కాళ్ల కింద తను దోపిన రేకుముక్కలు కదల్లేదు కదా అని వంగి చూసుకున్నాడు.