నమూనా బండి

బ్యాటరీ పెట్టె మీద మేస్త్రీ సంతకం చేసి మరీ అతికించిన టేపును ఎవరో బ్లేడుతో నీటుగా కోసేశారు.

మేస్త్రీ తాళం తిప్పాడు. ఇంజను కిక్కురుమనలేదు. వరసగా ఇది మూడో ఉదయం.

లిఫ్టులు బాగుచేసే కంపెనీకి నలభై వ్యాన్లు అమర్చిపెట్టే పని అది. పనిముట్ల అరలు, బల్ల, లోపలి లైట్లు, డ్రిల్లు నడపడానికి రెండో బ్యాటరీ, అన్నీ బిగించి ముందు ఒక్క బండి నమూనాగా చూపించాలి. ఇప్పటికే రెండుసార్లు గడువు పెంచమని కంపెనీని అడిగారు. ఇవాళ పదకొండింటికి బండి కంపెనీ యార్డులో లేకపోతే ఆ నలభై వ్యాన్లూ ఎదురుగా ఉన్న షెడ్డుకి పోతాయి. ఆ తర్వాత ఈ షెడ్డుకి తాళం వేసుకోవడమే.

పెట్టె తెరిచి చూశాడు. ఇంజను బ్యాటరీని, పనిముట్ల బ్యాటరీని వేరుగా ఉంచే స్విచ్ అందులో ఉంది. బండి ఆగి ఉన్నప్పుడు ఆ రెండింటినీ కలిపేసి, లోపల లైట్లన్నీ వేసి వదిలేస్తే తెల్లారేసరికి రెండూ ఖాళీ. ఎవరో సరిగ్గా అదే చేశారు.

"రెండు రోజులూ మతిమరుపు అనుకున్నాను," అన్నాడు వెల్డరుతో. "మతిమరుపు వెధవలు టేపు కొయ్యరు."

వెల్డరు టీ అందించాడు. మేస్త్రీ ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. టీ చల్లగా ఉంది. ఇనుము కరిగించేవాడికి గ్లాసుడు టీ వేడిగా ఇవ్వడం చేతకాలేదని దులిపేశాడు.

ఇంతలో కంపెనీ అధికారి ఫోన్ చేశాడు. మేస్త్రీ వింటూనే ఉన్నాడు. అవతలి మనిషి మాత్రం, ఉన్నారా, వినిపిస్తోందా అని గొంతు చించుకున్నాడు. మేస్త్రీ వస్తున్నానని చెప్పి పెట్టేసి, చెవిటివాళ్ళను తెచ్చి పెద్ద కుర్చీల్లో కూర్చోబెడుతున్నారని గొణిగాడు.

ఇక తేలాల్సింది దొంగ సంగతి. బండి తాళాలు రెండు. ఒకటి మేస్త్రీ జేబులో, రెండోది ఇంట్లో బీరువా మీద. ఇంట్లో ఉండేది తను, కూతురు, అల్లుడు. కూతురికి బ్యాటరీ ఎక్కడుంటుందో కూడా తెలియదు. అల్లుడికి తెలుసు. ఆ వైరింగంతా అతనిదే.

అల్లుడి మీద మేస్త్రీకి మొదటినుంచీ భ్రమలేమీ లేవు. చొక్కా జేబులో మీటరు పెట్టుకుని తిరిగే మనిషి. ఓల్టు అని పేరు పెట్టింది మేస్త్రీయే. వైరు బిగించే ముందు మూడుసార్లు ఆలోచిస్తాడు, బిగించాక ఇంకోసారి. ఈ మూడు రోజులుగా మాత్రం ఒకటే పాట, బండి తాను తోలతానని. ఎందుకో చెప్పబోయినా మేస్త్రీ వినలేదు. ఏ ఆర్డరుకైనా మొదటి బండిని మేస్త్రీయే తోలి అప్పగించడం ఈ షెడ్డు ఆనవాయితీ. నిన్న కూతురు కూడా మొగుడికి వత్తాసు పలికింది. ఖాళీ రోడ్డు మీద సైకిలు దిగి నడిపించే వాడికి హైవే కావలసి వచ్చిందా అని మేస్త్రీ నవ్విపారేశాడు.

అల్లుణ్ణి పిలిచాడు.

"రావయ్యా ఓల్టూ. ఎదురు షెడ్డువాడు ఏమిస్తానన్నాడు?"

అల్లుడు తెగిన టేపు వంక చూశాడు. "ఎవరూ ఏమీ ఇవ్వలేదు మావయ్యా."

"ఊరికే ముంచావా? అమ్ముడుపోవడం కూడా సరిగ్గా రాదన్నమాట నీకు."

నిన్నా మొన్నా పగలంతా చార్జింగ్ పెట్టుకుని కూర్చున్నారు. ఇవాళ అంత తీరిక లేదు. వేరే బ్యాటరీ తెచ్చి వైర్లు కలపమని వెల్డరుకి చెప్పాడు మేస్త్రీ. ఇంజను అందుకుంది. దారిలో చార్జ్ ఎక్కుతుంది. సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. సాయంత్రంలోగా సామాను సర్దుకుని పొమ్మన్నాడు అల్లుణ్ణి. మొగుడి వెంట వెళ్ళాలో వద్దో కూతురి ఇష్టమన్నాడు.

అల్లుడు కదల్లేదు. బండి ముందు అడ్డంగా నిలబడ్డాడు.

మరుక్షణం చూస్తే కిటికీ పక్కన ఉన్నాడు. ఇంజను ఆగి ఉంది. తాళం అతని చేతిలో ఉంది. దొంగబుద్ధికి చేతివాటం కూడా తోడైందనుకున్నాడు మేస్త్రీ.

"నా నోటిదగ్గర కూడు ఎందుకు తీస్తున్నావో, అదన్నా చెప్పి చావు."

అల్లుడు తాళం జేబులో వేసుకున్నాడు.

"మూడుసార్లూ బ్యాటరీ ఖాళీ చేసింది నేనే మావయ్యా, బుధవారం మనిద్దరం ట్రయల్‌కి వెళ్ళినప్పుడు ఫ్లైఓవర్ మీద మీరు కళ్ళు తెరుచుకునే స్పృహ తప్పారు, ఇప్పుడు కూడా ఇంజను ఆపేసి రెండు నిమిషాలుగా మిమ్మల్ని పిలుస్తూనే ఉన్నాను."