స్వీటీ వచ్చేసరికి

“సాయంత్రం స్వీటీ వచ్చేసరికి ఇది లేచి నిలబడాలె డాక్టరమ్మా. ఏదన్న చెయ్యిన్రి,” అన్నడు డానియేలు.

డాక్టర్ రఫియా బల్ల మీద తువ్వాలల ముడుచుకోని పడున్న కుక్కపిల్ల చిగుళ్లు తెరిచి చూసింది. తెల్లగ పాలిపోయినయి. నెత్తురు విరేచనాల వాసన నయాపూల్ దగ్గరి ఆ చిన్న దవాఖానంత నిండింది. అయినా డానియేలు పెండ్లాం రాజమణి ముక్కు మూసుకోలె. వంగి పిల్ల తల నిమురుతనే ఉన్నది.

“పార్వో. పేగులను తినేసే రోగం. యాడ కొన్నరు?”

“యాకుత్‌పురా స్టేషన్ వెనక, సోమయ్య దగ్గర. మొన్న ఆదివారం తెచ్చినం. ఆ పూట మస్తు గెంతింది మేడం, ఇల్లంత ఉరికింది. తెల్లారి లేస్తే కక్కుడే కక్కుడు.”

“ఆయన దగ్గర కొన్నోళ్లందరు ఇదే చెప్తరు. రోగం పిల్లను అమ్మేముందు ఒక సూది గుచ్చుతడు. ఒక్క పూట హుషారుగ ఉంటది. ఆ పూటలనే మీరు ముచ్చటపడి తీస్కపోతరు.”

రాజమణి మొఖం కందిపోయింది. “వాని చేతులు పడిపోను,” అన్నది.

“తిట్టుకుంటే ఏమొస్తది? పిల్లను ఈడ్నే ఉంచున్రి. సెలైన్ ఎక్కిస్త. కొన్ని దినాలు పడ్తది గని బతికే ఆశ ఉంది. ఇంటికి తీస్కపోతే మాత్రం బతకదు.”

మొగుడు పెండ్లాలు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు.

“ఈడ ఉంచితే స్వీటీకి ఏం చెప్పాలె మేడం?” అన్నడు డానియేలు. “ఫోన్ల ఫోటో చూసిన కాన్నుంచి అన్నం గూడ సరిగ తింటలేదట. పేరు సుత పెట్టుకున్నది, బ్రౌనీ అని.”

“మీ పాప హాస్టల్ల ఉంటదా?”

రాజమణి తువ్వాల సరిచేసింది. “ఏడేండ్లు మేడం. మస్తు సున్నితం,” అన్నది.

డాక్టర్ గొంతు మెత్తబడ్డది. “మెల్లగ చెప్పున్రి. కాసేపు ఏడుస్తది, ఊకుంటది. కుక్కపిల్ల పానం దక్కుతది గద.”

“ఆలోచించుకోని వస్తం,” అని డానియేలు తువ్వాలతోనే పిల్లను ఎత్తుకున్నడు.

వాళ్లు ఆలోచించుకున్నది ఏం లేదు. బండి సీదా యాకుత్‌పురా పోయింది. పానం పోయే పిల్లను గట్ల ఎండల తిప్పుడేందని ఒక్కలన్న అడిగితే బాగుండు. అడిగేటోడు ఎవడు, ఈ ఊర్ల ఎవని లొల్లి వానిది.

సోమయ్య గేటు సగమే తీసిండు. లోపట జాలీ పెట్టెలల్ల కుక్కపిల్లలు ఒకదాని మీద ఒకటి పడి మొరుగుతున్నయి. ఫినాయిల్ వాసన గుప్పుమన్నది.

“నేనిచ్చినప్పుడు గెంతుతుండె అన్నా. మీరే ఏం తినవెట్టిన్రో,” అన్నడు.

“రోగం పిల్లను ఇంకొకరికి అంటగట్టనీకి నీకు మనసెట్ల ఒప్పింది?” రాజమణి గొంతు గల్లీ చివరిదాంక వినవడ్డది. “పిల్లలు ముచ్చటపడి పెంచుకుంటరు. రేపు అది సస్తే వాళ్లు ఎంత ఏడుస్తరో నీకు తెల్వదా? మనిషివేనా నువ్వు?”

“లొల్లి వెట్టకమ్మా. అమ్మినంక నా జిమ్మేదారి ఉండదు. కొనెటప్పుడే చెప్పిన.”

ఆమె ఇంకా తిడుతుంటే డానియేలు అడ్డమొచ్చిండు. గొంతు తగ్గించిండు.

“సోమయ్యన్నా, మాకిచ్చేముందు దీనికొక సూది ఇచ్చినవంట గద. అసొంటిదే ఇంకొకటి ఉందా?”

సోమయ్య గేటు పూర్తిగ తీసిండు.

“ఉన్నది. పొద్దుగూకేదాంక నిలబడ్తది, తోక ఊపుతది. తర్వాత పాత రోగం ఇంకింత జోరుగ తిరగవడ్తది, ముందే చెప్తున్న.”

“పొద్దుగూకేదాంక చాలు,” అన్నడు డానియేలు.

ఛత్రినాకల ఇంటికి వచ్చినంక రాజమణి గోరువెచ్చటి నీళ్లల్ల బట్ట ముంచి పిల్లను తుడిచింది. కండ్ల పుసులు తీసింది. వాసన పోవాలని పౌడర్ అద్దింది. సోమయ్య ఇచ్చిన సూది డానియేలు గుచ్చినంక పిల్ల ముందు వణికింది. తర్వాత ముందటి కాళ్ల మీద లేసింది, కూలవడ్డది, మల్ల లేసింది. గోడకు ఆనుకోని నాలుగు అడుగులేసి రాజమణి కాలి మీద మూతి పెట్టింది. ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

“దవాఖానల ఉంచితే బతుకుతుండె,” అన్నది.

“మల్ల అదే మాట. స్వీటీ వచ్చే టైమయింది. నీ కండ్లు చూస్తే ఆ పోరికి తెలుస్తది, మొఖం కడుక్కో.”

“మనకు పాపం తగుల్తది.”

“పాపం సోమయ్యది. మనమేం చేసినం?”

రాజమణి మొఖం కడుక్కోని వచ్చేసరికి గల్లీల ఆటో ఆగింది. రెండు జడలేసుకున్న స్వీటీ చెప్పులు గుమ్మంల ఇడిసి సీదా లోపటికి ఉరికొచ్చింది. కింద కూసోని చేతులు చాపింది.

“బ్రౌనీ, రా.”

కుక్కపిల్ల ఊగుకుంట లేచింది. తోక ఊపుకుంట పోయి ఆమె చేతులు నాకింది. స్వీటీ దాన్ని గుండెకు ఒత్తుకోని మూతి మీద ముద్దు పెట్టింది.

“మమ్మీ, చూడు, నన్ను గుర్తువట్టింది. రాత్రి నా పక్కల్నే పండుకోవెట్టుకుంట.”

“పండుకోవెట్టుకో బిడ్డా. మంచి హుషారు పిల్ల,” అన్నది రాజమణి.

గుమ్మంల నిలబడ్డ స్వీటీ తల్లి పర్సు తీసి, కుక్కపిల్ల ఖరీదు రాజమణి చేతుల పెట్టింది.