కొమ్మ మీద గాట్లు

వాగు మీదికి వంగిన తుమ్మకొమ్మకు గిజిగాళ్ళు గూళ్ళు అల్లుకుంటున్నాయి. అడిగిన వెంటనే దారం తీసిచ్చే సాలీడు ఒకటి కొత్తగా ఆ చెట్టుకొచ్చింది. దాన్ని ఎవరు ఎన్నిసార్లు పిలుస్తున్నారో కనిపెట్టే పని, ఆ చెట్టు మీద పెత్తనం చేసే వడ్రంగిపిట్ట నెత్తికెత్తుకుంది. పిలిచినప్పుడల్లా ఒక గాటు. అదీ అందరికీ కనబడాలని, గూళ్ళు వేలాడే కొమ్మ మీదే పొడిచేది. ఎవరి గాట్లు ఎక్కువైతే వాడే గొప్ప పనివాడని దాని లెక్క.

ఇక చూడాలి సంబడం! గిజిగాళ్ళు దారం అడగడం, వాగులో పారేయడం, మళ్ళీ వచ్చి అడగడం! పసుపయ్య అనే గిజిగాడు మాత్రం అవసరమైన చోట రెండుసార్లు పిలిచి, మిగతాదంతా గడ్డిపోచలతో బిగించి అల్లాడు.

"రెండే గాట్లా? సిగ్గులేదూ?" అంది వడ్రంగిపిట్ట అందరి ముందూ.

పసుపయ్యకు ఒళ్ళు మండిపోయింది. "దొరా, నా గూడు పూర్తయింది. మా ఆవిడ అందులో మూడు గుడ్లు కూడా పెట్టింది. ఒక్కసారైనా తొంగిచూశారా? వాగులో కొట్టుకుపోతున్న దారం మీ కంటికి ఆనలేదా? పైగా మా గూళ్ళు మోసే కొమ్మనే తూట్లు పొడుస్తున్నారే!"

"నోరు ముయ్యి. నీ పక్కవాణ్ణి చూసి నేర్చుకో. ఇదిగో, వాడికిది నూరో గాటు!" అంటూ వడ్రంగిపిట్ట బలంగా పొడిచింది.

కొమ్మ ఫెళ్ళున విరిగింది. గూళ్ళన్నీ వాగులో పడ్డాయి. పసుపయ్య గూడు కూడా, గుడ్లతో సహా, వాడి కళ్ళముందే కొట్టుకుపోయింది.

వడ్రంగిపిట్ట పక్క కొమ్మ మీదికి ఎగిరి, రెక్కలు దులుపుకుంది.

"గూళ్ళ సంగతి తర్వాత చూద్దాం. ముందు నాకో కొత్త కొమ్మ చూపించండి. గాట్లన్నీ మళ్ళీ మొదటినుంచి పెట్టాలి."