కూలర్ నీళ్లు

వానలు మొదలై కూలర్లు ఆపేశాక, ప్రతి శుక్రవారం ఒకామె బకెట్ పట్టుకుని తార్నాక పక్కనున్న యూనివర్సిటీ క్వార్టర్స్‌కు వచ్చేది. వరండాల్లో వదిలేసిన కూలర్ల అడుగున నిలిచిన నీళ్లు పారబోసి, లోపల పొడిబట్టతో తుడిచి వెళ్లేది. మున్సిపాలిటీ మనిషని అందరూ అనుకున్నారు.

ఈ వారం ఆ క్వార్టర్స్‌లో ఉండే కరుణాకర్‌కు చిరాకేసింది. వరండా అంతా పాచివాసన.

"ఏ ఆఫీసమ్మా నీది? కార్డు చూపియ్."

"ఆఫీసు ఏం లేదు సార్. మాది వారాసిగూడ." ఆమె తుడవడం ఆపలేదు. "వారానికోసారి తియ్యకుంటే దోమలు గుడ్లు పెడతయి."

"మా కూలర్‌తోని నీకేం పని? పోయి నీ ఇంట్లది చూస్కో."

ఆమె బట్ట పిండి బకెట్ అంచున వేసింది.

"చూస్కోలే సార్. నిరుడు వాన పడ్డదని కూలర్ బంద్ జేసిన. అండ్ల నీళ్లున్నయన్నది మర్సిపోయిన. మా బిడ్డకు డెంగీ వచ్చింది. దవాఖానల జేరిస్తే మల్ల ఇంటికి రాలే."

కరుణాకర్ కూతురు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏ క్లాసు బిడ్డా?" అని ఆమె అడిగింది.

"థర్డ్. పోయినేడు సెకండ్."

"మా అమల ఇంకా సెకండ్లనే ఉన్నది," అని, ఆమె బకెట్ ఎత్తుకుని పక్కింటి వరండాలోకి నడిచింది.