సుంకులమ్మ ఒప్పుకోలు

పాడినవాళ్ల అనుమతి లేని టేపులన్నీ చెరిపెయ్యమని యూనివర్సిటీ రిజిస్ట్రారు కొత్త నిబంధన పంపాడు. చావు జరిగిన ఇళ్లలో శోకాలు పాడే సుంకులమ్మ పోయి నెలయింది. ఇంక అనుమతి ఎవరిస్తారు?

“చెరపనంటే చెరపను. ఏం చేసుకుంటాడో చేసుకోనీ,” అంది పరిశోధకురాలు కృపమణి. ఆ రాత్రి టేపులు దాచిన కడప బంగళాలో ఒంటరిగా కూర్చుని, పట్టుబట్టి సుంకులమ్మ టేపే పెట్టింది.

పోయినవాళ్ల పేరు అడిగి తెలుసుకున్నాకే సుంకులమ్మ శోకం ఎత్తుకునేది. టేపులో ఆ అడగడం లేదు, పాట ఒక్కటే ఉంది.

చక్రాలు తిరుగుతున్నాయి. పాట మొదలవలేదు. సన్నటి గరగర, ఒక దగ్గు, తర్వాత ఆ ముసలి గొంతు.

“నేను ఒప్పుకుంటి అమ్మీ. చెరిపెయ్యమన్నాడే, ఆయప్ప పేరేమి?”

మీట మీదికి పోయిన చెయ్యి ఆగింది. గరగర కూడా ఆగి, ఎదురుచూసింది.

కృపమణి టేపు పెట్టె మీదికి వంగి, ఇంటిపేరుతో సహా చెప్పింది.