కొండ ఎక్కే సైకిల్

ఒంటికి కొలిచి సైకిళ్లు తయారుచేసేవాళ్లు ఆ రోజుల్లో ముందుగా ఒక ఉత్తుత్తి సవారీని ఇంటికి పంపేవాళ్లు. వాళ్లిచ్చిన పట్టీ తలకు కట్టుకుని, కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుంటే చాలు, ఇంకా తయారుకాని ఆ సైకిల్ తొక్కుతున్నట్టే ఉండేది.

విశాఖపట్నంలో అరుంధతికి యాభై నాలుగేళ్లు. సైకిల్ మీద ఎక్కడా దిగకుండా కైలాసగిరి కొండ ఎక్కాలని ఆమె కోరిక. మొదటి కంపెనీ సవారీలో దూదిపింజలా తేలిపోయింది. రెండోదానిలో చెమటైనా పట్టలేదు. మూడోది అనకాపల్లిలో సైకిళ్లు చేసే పైడిరాజు పంపాడు. సగం కొండకే మోకాలు కలుక్కుమంది, ఆయాసంతో దిగిపోయింది.

"కుర్చీలో కూకున్నా నొప్పెట్టే సైకిలేటే? మానీ," అన్నాడు పప్పుకు తాలింపు పెడుతున్న భర్త ధర్మారావు.

అరుంధతి పైడిరాజుకు ఫోన్ చేసి నిలదీసింది.

"సైకిల్ కొత్తదే గానీ మోకాలు మీదే కదమ్మా, దాన్ని దాచి సవారీ పంపలేను," అన్నాడతను. "సవారీలో సీటు కొంచెం ఎత్తి పంపుతాను. మళ్లీ తొక్కి చూడండి."

మళ్లీ కూర్చుంది. ఈసారి ఇంకో మలుపు దాకా వెళ్లి దిగింది. కళ్లు తెరిచి, పైడిరాజుకు ఫోన్ చేసి, "నాకిదే చెయ్యి నాయనా," అంది.

సైకిల్ వచ్చాక నిజమైన కొండ మీద చాలా ఆదివారాలు మధ్యలోనే దిగిపోయింది. ఒక ఆదివారం దిగలేదు. రోప్‌వేలో ముందే పైకొచ్చిన ధర్మారావు మజ్జిగ అందించి, సైకిల్ చుట్టూ తిరిగి, మెల్లగా అడిగాడు.

"ఓ పాలి నేనెక్కి చూడనా?"

"ఇది నా కొలతండీ," అంది అరుంధతి రొప్పుతూ, నవ్వుతూ. "మీ మోకాళ్లు పట్టుకుని మీరూ పైడిరాజు దగ్గరికెళ్లండి."