ఉడుముగారి తోక

అడవి కబుర్లన్నీ సాలీడు అల్లిన వల మీదుగానే పొదపొదకీ చేరేవి. ఓనాడు ఓ కుర్ర కీచురాయి అడక్కుండా ఆ వలెక్కి, కోయిల కొత్త పాట విని దిగిపోయింది. ఒక్క పోగైనా తెగలేదు.

"పోనివ్వండి, నాకేం నష్టం లేదు," అంది సాలీడు.

కానీ అడవి తరఫు వకీలు ఉడుముగారు పట్టుకుంటే వదిలే రకమా! "ఎక్కడం ఒక నేరం, దిగడం ఇంకో నేరం. పైగా ఒక్కో కాలికీ విడివిడిగా! బతికినంతకాలం బొరియలో పడుండాల్సిందే," అన్నారు. బోనులో ఉన్న కీచురాయి భయంతో అరవడమే మానేసింది.

తన లెక్కకి ఉడుముగారికే ముచ్చటేసింది. నేరం జరిగిన చోటు చూపిస్తానంటూ తాబేలు జడ్జిగారిని వల దగ్గరికి తీసుకెళ్లి, దర్జాగా ఇటు తిరిగారు. తోక అటు తిరిగింది. వలంతా ఊడొచ్చి తోకకి చుట్టుకుంది.

"చూసుకోలేదండీ," అన్నారు ఉడుముగారు.

"దీని మీద కేసు పెట్టాల్సింది ఎవరు?" అడిగారు జడ్జిగారు.

"నేనేనండీ."

నాలుగు కాళ్లు, తోక, తెగిన ప్రతి పోగూ లెక్కేసుకుంటే శిక్ష మునిమనవల దాకా సాగేలా ఉంది. తన తెలివికి ఉడుముగారికే నవ్వొచ్చింది.

"తెలియక చేసినవాళ్లని మందలించి వదిలేసే పద్ధతి ఒకటుండాలి కదండీ?"

"ఉండేది. పోయిన వారమే మీరు వాదించి కొట్టేయించారు."

ఉడుముగారు నెత్తి కొట్టుకున్నారు. "ఛ, అంత బాగా వాదించానా!"